నిచ్చెన మధ్యలో పట్టు ఎందుకు మెత్తనైంది

ఒకప్పుడు, ప్రాణమున్నవన్నీ కంటికి ఆననంత చిన్నగా ఉన్న కాలంలో, కొండరాతి గుంటలో నిలిచిన వాననీళ్లలో నాచమ్మ అనే పచ్చటి కణం ఉండేది.

నాచమ్మ కడుపులో మెలి తిరిగిన నిచ్చెన ఒకటుంది. దాని పేరు డీఎన్‌ఏ. ఎండను ఎలా తినాలి, పచ్చగా ఎలా ఉండాలి, అన్నీ దాని మెట్ల మీదే రాసి ఉండేవి. అక్షరాలు నాలుగే: ఏ, టీ, జీ, సీ. ప్రతి మెట్టులో రెండు అక్షరాలు ఎదురెదురుగా నిలబడేవి. ఏకి ఎదురుగా టీ, జీకి ఎదురుగా సీ.

ఆ రోజుల్లో పక్క కమ్ములనీ మధ్య మెట్లనీ కూడా భాస్వరం మామే పట్టుకుని ఉండేవాడు. ఆయన పట్టు ఇనుప పట్టు.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చాయి. గుంటలో నీళ్లు రోజురోజుకీ తగ్గుతున్నాయి. అవి ఇంకిపోయేలోగా నాచమ్మ రెండుగా చీలి, కూతుర్ని మరో నీటిగుంటకు చేర్చమని గాలికి అప్పగించాలి. కూతురికీ ఒక నిచ్చెన కావాలంటే, ఉన్నదాన్ని నిలువునా తెరిచి, చూసి రాయాలి.

తెరవబోయింది. నిచ్చెన కదల్లేదు.

"మామా, మధ్యలో కాస్త వదులు."

"నేను వదిలితే పట్టుకునేదెవరమ్మా? అక్షరాలన్నీ చెదిరిపోతాయి," అన్నాడు భాస్వరం.

పక్కనే ఉన్న పాచమ్మ అనే మరో కణం ఆగలేక తన నిచ్చెనను బలవంతంగా చీల్చుకుంది. మెట్లు విరిగాయి. పుట్టిన కూతురు తెల్లగా పాలిపోయి ఉంది. ఎండను ఎలా తినాలో తెలియక సాయంత్రానికే చనిపోయింది.

అప్పుడు నీళ్లలోంచి హైడ్రోజన్ మెల్లగా అంది, "మధ్యలో మేం పట్టుకుంటాం అక్కా."

"నీ పట్టెంత? కాస్త వేడి తగిలితే వదిలేస్తావు," అన్నాడు భాస్వరం.

"ఒక్కదాన్నైతే అంతే మామా. వేలమందిమి కలిసి పట్టుకుంటాం. అక్క అడిగినప్పుడు ఒక్కొక్కరం వదులుతాం."

"ఒకవేళ నిలబడకపోతే?" అంది నాచమ్మ.

"తెలియదక్కా. ఇంతకుముందెప్పుడూ చేయలేదు."

నీళ్లు ఇంకో వేలెడు దిగాయి. నాచమ్మ కళ్లు మూసుకుని, "వదులు మామా," అంది.

భాస్వరం ఒక్కో మెట్టూ వదులుతుంటే హైడ్రోజన్లు వచ్చి పట్టుకున్నాయి. ఏ, టీల మధ్య ఇద్దరికే చోటు దొరికింది. జీ, సీల మధ్య ముగ్గురు సర్దుకున్నారు. నిచ్చెన ఊగింది. కానీ ఒక్క అక్షరమూ రాలలేదు.

నాచమ్మ ఒక కొసన మెల్లగా లాగింది. ఎండిన కాయ విచ్చుకున్నట్టు నిచ్చెన మధ్యకు తెరుచుకుంది. ఒంటరైన ప్రతి అక్షరమూ తన జోడీని పిలుచుకుంది. చూస్తుండగానే రెండు నిచ్చెనలయ్యాయి.

అయినా నాచమ్మకు నమ్మకం కుదరలేదు. ప్రతి మెట్టూ తడిమి చూసింది. పుట్టిన కూతురు పచ్చగా ఉంది. ఎండవైపు తిరిగి తినడం మొదలుపెట్టింది. అప్పటికిగానీ తల్లి ఊపిరి పీల్చుకుని, కూతుర్ని గాలికి అప్పగించలేదు.

అప్పటినుంచే చెట్టులోనైనా చేపలోనైనా మనలోనైనా ఆ నిచ్చెన పక్క కమ్ములను భాస్వరం వదలకుండా బిగించి పట్టుకుంటాడు. మధ్యలో మాత్రం ఏ, టీలకు ఇద్దరు, జీ, సీలకు ముగ్గురు హైడ్రోజన్లు మెత్తగా పట్టుకుని, కొత్త ప్రాణానికి దారి కావాల్సి వచ్చినప్పుడల్లా వదిలేస్తూ ఉంటారు.