పలకరింపు

ఎల్లమంద జవాబివ్వడం లేదని సుదర్శనం మనసు ఉడికిపోతోంది.

ఇద్దరూ పరదేశయ్యగారి శిష్యులు. వినుకొండ దాటాక కొండవార ఉన్న చిన్న మఠంలో గురువుగారితో పాటు ఉండేది వాళ్ళిద్దరే. పక్కపక్క గదులు, మధ్యన ఒక్క గోడ. ఎల్లమందకి నలభై అయిదు దాటాయి, తండ్రి ఎప్పుడో పోయాడు. వంటా, గొడ్ల పనీ అతనివే. సుదర్శనం చిన్నవాడు, కంప్యూటరు పని బాగా తెలిసినవాడు. గురువుగారి మాటలు రాసి మూడు వేల మంది ఉన్న ఫోను గ్రూపులో పెట్టేవాడు. వాళ్ళ సందేహాలు తీర్చేవాడు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా తెర ముందే. వంటింటి గడప మీద పెట్టిన పళ్ళెం తెచ్చుకుని అన్నం కూడా గదిలోనే తినేవాడు.

గొడవ చిన్నదే. మౌనం గురించి సుదర్శనం రాసినదాని కింద, అందరూ చూసేలా, ఎల్లమంద ఓ రాత్రి ఒక ముక్క పెట్టాడు: "అయ్య చెప్పింది అలా కాదు తమ్ముడూ. ఒకసారి కూర్చుని మాట్లాడుకుందాం."

మూడు వేల మంది ముందు ఆ మాట అనేసరికి సుదర్శనానికి తల కొట్టేసినట్టయింది. మర్నాడు పొద్దున్నే, ఎలా కాదో చెప్పమని రాశాడు. జవాబు లేదు. విడిగా పంపాడు. చూసినట్టు రెండు నీలం గీతలు పడ్డాయి, అంతే. మళ్ళీ పంపాడు. మళ్ళీ గీతలే. రోజులు గడిచేకొద్దీ ఆ గీతలు చూస్తే ఒళ్ళు మండేది. చివరికి ఒక శనివారం ఆగలేక, గ్రూపులో అందరికీ తెలిసేలా పెద్ద ఉత్తరం లాంటిది రాసి పడేశాడు.

గంటలో రెండు వందల మంది సై అన్నారు. "రేపు ఆదివారం వస్తున్నాం. ఎల్లమంద మఠంలో ఉండాలో వద్దో తేలిపోవాలి" అని నరసరావుపేట వాళ్ళు జీపు మాట్లాడుకున్నారు.

ఆదివారం పొద్దున, వాళ్ళు వచ్చేలోపే మాట తీసుకోవాలని, సుదర్శనం ఫోను పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

"మీరే తీర్పు చెప్పాలయ్యా. వినండి, చదువుతాను."

"ఎవరికి రాశావు?" అన్నారు పరదేశయ్య.

"ఎల్లమందకి."

"మరి నాకెందుకు చదవడం?" అని ఆయన గోడవైపు తిరిగి, "ఎల్లమందా, ఇట్లా రా నాయనా" అని పిలిచారు.

ఎల్లమంద తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చాడు. గురువుగారు ఇద్దర్నీ ఒకే చాప మీద, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా, ఎదురెదురుగా కూర్చోబెట్టారు.

"ఇప్పుడు చదువు. ఒక్క అక్షరం వదలకు. ఒక్కో మాటకీ తలెత్తి అతన్ని చూడు."

సుదర్శనం గొంతు సవరించుకున్నాడు. "'వండి వడ్డించినంత మాత్రాన ఎవరూ శిష్యులైపోరు.'" తలెత్తాడు. ఎల్లమంద కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. "'అడిగినదానికి జవాబు చెప్పలేక ముఖం చాటేసేవాడు ఈ మఠంలో ఉండటానికి తగడు.'"

గురువుగారి ముందు తలగుడ్డ ఉంచుకోకూడదని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, ఎల్లమంద తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. గుండు. మీసం కూడా లేదు.

సుదర్శనం తర్వాతి వాక్యం చూశాడు. ఫోను దించాడు.

"చదువు" అన్నారు గురువుగారు.

"అయ్యా..."

"రాసేటప్పుడు ఆగలేదుగా. చదువు."

'ఇలాంటివాణ్ణి కన్నందుకు ఆ తల్లి సిగ్గుతో చావాలి.' తెర మీద అక్షరాలు కదలకుండా ఉన్నాయి. రెండు వందల మంది మెచ్చుకున్న వాక్యం అదే. సుదర్శనం ఫోను చాప మీద బోర్లా పెట్టేశాడు.

"అమ్మ ఎప్పుడు పోయింది అన్నా?" అన్నాడు.

"మొన్న మంగళవారానికి పదమూడు రోజులయ్యాయి. నిన్న సాయంత్రం బస్సుకే వచ్చాను" అన్నాడు ఎల్లమంద. "నేను ఆ ముక్క రాసిన రాత్రే, తెల్లవారుజామున కబురొచ్చింది. అయ్యకి చెప్పి పోయాను. నీ గదిలో దీపం వెలుగుతోంది. పిలుద్దామనుకున్నాను, పనిలో ఉన్నావు కదా అని ఊరుకున్నాను. నువ్వేమన్నా పంపావా? ఫోను మా అన్న కూతురి దగ్గరే ఉండిపోయింది. చుట్టాల నెంబర్లన్నీ దాన్లోనే ఉన్నాయని అదే చూస్తోంది."

"మరి ఇన్ని రోజులూ వంట..." అని సుదర్శనం ఆగిపోయాడు. గురువుగారి ఎడమ మణికట్టు మీద గంజి పడి కాలిన మచ్చ ఎర్రగా పొక్కి ఉంది. ఆయన చెయ్యి కండువా కిందికి జరుపుకున్నారు.

"అమ్మ పేరేంటన్నా?"

"పున్నమ్మ. పోయిన ఎండాకాలం వచ్చింది కదా. నీకు చింతకాయ పచ్చడి తెచ్చి పక్కన పెట్టింది. 'ఆ పిల్లాడు తలెత్తకుండా చదువుకుంటన్నాడు, అందుకే పలకరించలా' అంది."

సుదర్శనం ఎల్లమంద చేతులు పట్టుకున్నాడు. ఆ వాక్యం ఏమిటో తనే చెప్పాడు, ఫోను చూడకుండానే, మొత్తం. ఎల్లమంద కళ్ళు మూసుకుని విన్నాడు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

బయట జీపు ఆగింది. ఏడెనిమిది మంది దిగి, "ఏడీ ఎల్లమంద?" అంటూ వచ్చారు. సుదర్శనం వాళ్ళకి అడ్డంగా గుమ్మంలో నిలబడ్డాడు.

"వాళ్ళమ్మ పోయింది. నేను రాసింది తప్పు. లోపలున్నాడు, పలకరించి రండి."

అందరికంటే కోపంగా దిగిన పెద్దమనిషి ముందుగా చెప్పులు విప్పాడు. వెనక మిగతావాళ్ళు.

లోపల మాటలు సన్నగా మొదలయ్యాక, సుదర్శనం అరుగు మీద గురువుగారి పాదాల దగ్గర కూలబడ్డాడు.

"మీకు ముందే తెలుసు కదయ్యా. నాకెందుకు చెప్పలేదు?"

"అడుగుతావేమోనని, రోజూ ఎదురుచూశాను" అన్నారు పరదేశయ్య.