కొత్వాలు గారి మామిడి టెంకలు

ఇది అబద్ధమనేవాళ్లు ఇప్పుడే లేచి నిలబడండి. చివర్లో సణిగితే ఊరుకోను!

విస్తళ్లు కుట్టుకుని బతికే నేను అప్పట్లో పన్నెండు వాటాల అద్దె ఇంట్లో ఉండేవాణ్ణి. ఎదురిల్లు కొత్వాలుది. ఆ ఇంటి చెత్తంతా మా గుమ్మం ముందే పోసేవారు. కుప్ప ఎంత పెరిగిందంటే, మా వీధిలో సూర్యుడు జాము ఆలస్యంగా ఉదయించేవాడు!

మొరపెట్టుకుంటే కొత్వాలు మీసం తిప్పాడు. "మీ గుమ్మం ముందున్నది మీదేరా! ఎల్లుండి రాజుగారి ఊరేగింపు. అప్పటికి తీయకపోతే పన్నెండు కుటుంబాలూ ఊరు వదలాలి."

నేను చీపురు ముట్టలేదు.

ఊరేగింపు నాడు మా గుమ్మం ముందుకి రాగానే రాజుగారు ముక్కు మూసుకుని రథం ఆపారు. "ఎవరిదీ చెత్త?"

"వీళ్లదే, ప్రభూ," అన్నాడు కొత్వాలు.

"అవును మహారాజా, మాదే. అయ్యగారే తీర్పు చెప్పారు," అంటూ కుప్పలోంచి గంపెడు మామిడి టెంకలు తీసి రథం ముందు పోశాను. ఏనుగు తొండంలా వంకర తిరిగిన అలాంటి టెంకలు రాజుగారి తోటలో తప్ప భూమ్మీద ఎక్కడా లేవు. ఆ పళ్లు రాజుగారు తప్ప ఇంకెవరైనా తింటే కొరడా దెబ్బలే.

"నా తోటలోకి ఎలా దూరావురా?" రాజుగారు గర్జించారు.

"తోటకి కాపలా కొత్వాలు గారిదే కదా ప్రభూ! మమ్మల్ని లోపలికి వదిలారో, ఈ చెత్తే మాది కాదో, వారే చెప్పాలి."

 చెమటకి కొత్వాలు మీసం కిందికి వాలిపోయింది.

రాజుగారు పకపకా నవ్వారు. "ఏది నిజమైనా తప్పు నీదే, కొత్వాలూ. ఈ చెత్తంతా తీసేదాకా గంప ఎత్తు!"

నమ్మరా? గంప మోయడానికి కొత్వాలు నెత్తికి చుట్టకుదురు చుట్టిచ్చింది మా పక్క వాటా గంగరావమ్మ. వెళ్లి అడగండి!