కర్ఫ్యూలో పాలవాడు

ప్రశ్న అడిగినవాళ్లకు డాక్టర్ పరాంకుశం జవాబు చెప్పరు. ఏదో ఒక మంచం దగ్గరికి తీసుకెళ్తారు. క్యాన్సర్ వార్డులో ఆయనకిది ఇరవై ఏళ్ల అలవాటు.

ఆ ఉదయం శిష్యురాలు నస్రీన్ అడిగింది: "సార్, క్యాన్సర్ కణానికీ నోటి పొరకీ తేడా తెలియనిదాన్ని మందు అని ఎలా అంటాం?"

ఆమె కోపానికి కారణం పన్నెండో నంబరు మంచం. అక్కడున్నది రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ జంగయ్య. రెండు విడతల కీమోతో మెడ మీది గడ్డలు సగానికి తగ్గాయి. మీసం కూడా మిగల్లేదు. నోరంతా పుండ్లు, మజ్జిగ తాగినా మంటే. ఆ మందుకు తెలిసింది ఒక్కటే: విభజన చెందుతున్న కణాన్ని చంపడం. వెంట్రుకల కుదుళ్లు, నోటి పొర, రక్తాన్ని తయారుచేసే ఎముక మజ్జ, అన్నీ వేగంగా విభజన చెందేవే.

మూడో విడత ఆ రోజే. నాలుగు వేలు ఉండాల్సిన తెల్లకణాలు తొమ్మిది వందలున్నాయి. మందు ఇస్తే, ఆ తర్వాత వచ్చే చిన్న జ్వరమే ప్రాణం తీయవచ్చు.

"ఇచ్చేయుండ్రి సారూ. తారీకు తప్పితే గడ్డ మల్ల లేస్తది," అన్నాడు జంగయ్య.

పరాంకుశం స్టూలు లాక్కుని కూర్చున్నారు. "జంగయ్యగారూ, కర్ఫ్యూ డ్యూటీ చేశారు కదా. అల్లరిమూకను ఎలా గుర్తుపట్టేవారు?"

"గుర్తువట్టుడేంది సారూ, మొకం మీద రాసుంటదా? రోడ్డు మీద కదిలినోన్ని కొట్టుమని ఆర్డర్. ఒకనాడు తెల్లారంగ ఒకన్ని కొట్టిన. క్యాను దొర్లి పాలన్నీ మోరిలవడ్డయ్. చూస్తే మా గల్లీకి పాలు పోసే మొగులయ్య! ఇంటికి పోయి చాయ్ అడిగితే, లాఠీ మరగవెట్టుకొని తాగుమన్నది మా ఇంటామె."

నస్రీన్ నవ్వు ఆపుకోలేకపోయింది. "అయితే కర్ఫ్యూ దండగేనా?"

"ఎందుకైతది బిడ్డా? మూడు దినాలల్ల దుకాణాలు తగలవెట్టుడు బందైంది. గని నాలుగోనాడు సడలించినం. లేకుంటే ఇండ్లల్ల పసిపిల్లలు సచ్చేటోళ్లు."

"మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టారు?" అన్నారు పరాంకుశం.

"మొగులయ్య గల్లీలన్నీ తిరిగి పాలు పోసినంక..."

జంగయ్య సెలైన్ స్టాండు వైపు చూశాడు. "ఎన్నొద్దులు ఆగాలె సారూ?" అన్నాడు, గొంతు తగ్గించి.

పరాంకుశం రక్తపరీక్ష కాగితం మడిచి నస్రీన్ చేతికిచ్చారు.

"గురువారం మళ్లీ రక్తం తీయించమ్మా. మొగులయ్య ఇంకా గల్లీలోకి రాలేదు."