రెక్క కింది అతుకు

సముద్రపు ఒడ్డున ఉన్న ఒక విమానాల మ్యూజియంలో గవర్రాజు అనే అధికారి ఉండేవాడు. మనిషి మంచివాడే కానీ, ఏ వస్తువైనా కొత్తదానిలా నిగనిగలాడితే తప్ప ఆయన కంటికి ఆనేది కాదు.

మ్యూజియం ముంగిట ఒక పాత రవాణా విమానం ఉండేది. ఒకప్పుడు తుఫానుల్లో చిక్కుకున్న ఊళ్లకు అన్నం పొట్లాలు మోసిన విమానం అది. ఒళ్లంతా గీతలు, సొట్టలు. ఎడమ రెక్క కింద పళ్లెమంత అతుకు. "ఛీ ఛీ, చిరిగిన చొక్కాకి మాసిక వేసినట్టు ఇదేమిటి? జనం నవ్వరూ!" అన్నాడు గవర్రాజు. లప్పం పెట్టించి, పైన వెండిరంగు కొట్టించి, ఎవరూ తాకకుండా చుట్టూ తాడు కట్టించాడు. విమానం పెళ్లికొడుకులా తయారైందని తెగ మురిసిపోయాడు.

ఒకరోజు సత్యవేణి అనే పెద్దావిడ తన భర్త జోగారావు చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. ఆయన ఒకప్పుడు ఆ విమానానికి మెకానిక్. ఇప్పుడు చూపు పూర్తిగా పోయింది.

"బాబూ, ఈయన్ని ఒక్కసారి దాన్ని తాకనివ్వండి. కళ్లు పోయిన దగ్గర్నుంచీ ఇదే గోల" అంది.

"తాకితే మరకలు పడతాయమ్మా. తాడుకి ఇవతలే నిలబడి చూడమనండి" అన్నాడు గవర్రాజు. ఏం మాటండీ అది! చూపులేని మనిషిని చూడమంటాడా? వెంటనే నాలిక్కరుచుకున్నాడు. తాడు మాత్రం తియ్యలేదు.

జోగారావు నవ్వేశాడు. "పోనీలే సత్యా, నువ్వే చూసి చెప్పు. ఎడమ రెక్క కింద అతుకు ఉందా? తుఫాను రోజుల్లో కిందికి దిగి పొట్లాలు వేస్తుంటే చెట్టుకొమ్మ తగిలి చీరుకుపోయింది. నేనూ, నా తోటి మెకానిక్ పైడిరాజూ వానలో తడుస్తూ ఆ అతుకు వేశాం. పాపం, వాడు పోయాడు. వాడి చేతిపని నాకు అదొక్కటే మిగిలింది."

సత్యవేణి వంగి చూసింది. "లేదండీ. అంతా నున్నగా ఉంది."

ఆయన మొహం వాడిపోయింది. "అయితే ఇది మాది కాదు. మాదాన్ని ఎప్పుడో తుక్కు కింద అమ్మేసి ఉంటారు. పద, ఇంటికెళ్దాం."

"ఆగండి బాబాయిగారూ! ఇది మీదే! బుద్ధిలేక ఆ అతుకు మీద నేనే రంగేయించాను" అంటూ గవర్రాజు వెనకాలే పరుగెత్తాడు.

"నేను బాధపడతానని అలా అంటున్నావు నాయనా" అన్నాడు జోగారావు. నమ్మలేదు.

గవర్రాజు వాళ్లిద్దర్నీ వెనక్కి తీసుకొచ్చి విమానం దగ్గర నిలబెట్టాడు. ఉప్పుకాగితం తెచ్చి, రెక్క కింద కూర్చుని తనే గీకడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా నిండా వెండిపొడి రాలింది. లప్పం పెచ్చులు పెచ్చులుగా ఊడింది. అతుకు బయటపడగానే తాడు విప్పి, ముసలాయన చెయ్యి తీసుకెళ్లి దానిమీద పెట్టాడు.

ఆయన వేళ్లు అతుకును బిగించిన రివెట్ల వరస వెంట కదిలి, ఒకచోట ఆగాయి. "ఇదిగో, ఇక్కడ వంకర! ఆ వెధవకి వరస ఎప్పుడూ తిన్నగా వచ్చేది కాదే సత్యా! ఆ రోజు ఎంత తిట్టానో!" అంటూ నవ్వాడు. నవ్వుతూనే ఏడ్చేశాడు. సత్యవేణి కొంగుతో ఆయన కళ్లు తుడిచింది. గవర్రాజు తన కళ్లు తనే తుడుచుకున్నాడు.

ఆ తరువాత అక్కడ మళ్లీ రంగు వేయించలేదు. "ఇదేమిటండీ, ఇక్కడ గీసుకుపోయింది?" అని ఎవరైనా అడిగితే, "రండి, తాకి చూడండి" అని పిలిచేవాడు.

పాత వస్తువును కాపాడాలనుకునేవాళ్లు, ముందుగా దానిమీద మిగిలిన మనుషుల చేతి గుర్తులను కాపాడాలి.