ఇరవై ఏళ్ళ పీపా

నీలాద్రి రాజుగారికి లేకలేక కొడుకు పుట్టాడు. బారసాల నాడే ఆయనకో కోరిక పుట్టింది.

"ఇరవై ఏళ్ళకి వీడి పట్టాభిషేకం. ఆ రోజు సభలో ఈ ఏటి ద్రాక్షసారానే పొయ్యాలి. అందాకా అది మన నేలమాళిగలోనే ఉండాలి!"

యానాం రేవు నుంచి ఫ్రెంచి ఓడ కెప్టెను రెండు పీపాలు పంపించాడు. రెండూ మెర్లో అనే నల్లద్రాక్షతో చేసిన ఎర్రసారాలే. ఒకటి పల్లపు తోటది. ఇంకొకటి రాళ్ళగుట్ట మీది తోటది. మాళిగలో చల్లటి మూల ఒక్క పీపాకే చోటుంది. మరి ఏది దాచాలి, ఏది ఈ వారమే తాగెయ్యాలి?

రాజుగారి బావమరిది జగపతి మీసం దువ్వుకుంటూ లేచాడు. ఈయన ఫ్రెంచివాళ్ళ మధ్య ఆరు నెలలుండి వచ్చాడు. అక్కడ ఇంకేం నేర్చాడో తెలీదుగాని, గ్లాసు గిరగిరా తిప్పడం మాత్రం బాగా నేర్చాడు.

"బావగారూ, ఇది నాలుకున్నవాళ్ళ పని. మీరేమో ఆవకాయ జాడీల ముసలిదానికి మాళిగ తాళాలిచ్చి కూర్చున్నారు. పీపా నేనెంచుతాను. తాళాలు నాకిప్పించండి."

ఆ ముసలిది ఎర్నమ్మ. కరువు ఏడాది పస్తులతో కోట గుమ్మం తొక్కింది. అంట్లు తోమింది, కారం దంచింది, ముప్పై ఏళ్ళు అరిగితే గాని ఆ తాళాల గుత్తి బొడ్లోకి రాలేదు. మీసం దువ్వినంత తేలిగ్గా దాన్ని లాక్కుపోతానంటే ఎవరికి మండదు? ఎర్నమ్మకీ మండింది. పైకి మాత్రం దణ్ణం పెట్టింది.

"బాబుగోరు రుచి సూడాల గదా మారాజా. జాడీలు తెత్తాను."

పీపాకొక జాడీ చొప్పున సారా పట్టించి తెచ్చింది. జగపతి పల్లపు తోటది గ్లాసులో పోసుకుని తిప్పాడు, ముక్కు పెట్టాడు, పుక్కిలించాడు.

"ఆహా! పట్టుచీర జారినట్టు జారుతోంది. ఇరవై ఏంటి, యాభై ఏళ్ళు నిలుస్తుంది!"

గుట్ట మీదిది నోట్లో పోసుకోగానే మొహం ముడుచుకుపోయింది.

"థూ! చింతగింజ నమిలినట్టుంది. గాడిదకి పట్టినా తంతుంది!"

ఎర్నమ్మ కూడా రెండింటిదీ ఒక్కో చుక్క నాలిక్కి రాసుకుంది. పల్లపుది కమ్మగా వచ్చి కమ్మగానే వెళ్ళిపోయింది, వెనకేం మిగల్లేదు. గుట్టది వగరుతో నాలుకని అంగిట్లోకి పీకేసింది. అయినా ఆవిడ ఉమ్మెయ్యలేదు, ఓపిక పట్టింది. వగరు వెనక నుంచి నెమ్మదిగా నేరేడుపండు రుచి బయటికొచ్చింది. ఎర్నమ్మ కళ్ళు మెరిశాయి. కానీ ఇప్పుడు చెప్తే వినేదెవరు?

"మారాజా, మా జాడీల గది ఆచారం ఒకటుంది. ఏ జాడీ మంచిదని ఎంచితే, దాని అడుగున ఎంచినోరి ముద్ర పడాల. రేపు మాట మారకండా."

"ఓస్, అంతేనా!" అన్నాడు జగపతి. పల్లపు సారా జాడీని ఇద్దరు బంట్లు ఎత్తి పట్టుకున్నారు. దాని అడుగున వేడి లక్క అద్దించి, తన నెమలి ఉంగరం నొక్కాడు.

"ఎల్లుండి మజ్జాన్నం దాకా గడువియ్యండి మారాజా. రెండు జాడీలకీ మూతలు తీసి, పల్చటి గుడ్డ కట్టి, ఒకే గట్టు మీద పెడతాను. అప్పుడూ బాబుగోరు ఎంచిందే బాగుంటే తాళాలు నా సేత్తోనే ఇచ్చేత్తాను."

రాజు సరేనన్నాడు.

మూడోనాడు సభ కిటకిటలాడింది. పీపాలు పంపిన కెప్టెను కూడా వచ్చి కూర్చున్నాడు. ఒకేలా ఉన్న రెండు జాడీలు జగపతి ముందు పెట్టి ఎర్నమ్మ పక్కకి నిలబడింది.

"ఏది ఏదో నాను సెప్పను బాబూ. మీ నాలిక్కి ఒకరు సెప్పాలా?"

ఆ మాటకి జగపతి ఛాతీ రెండంగుళాలు పొంగింది. మొదటి జాడీలోది నోట్లో పోసుకుని, ఉమ్మేశాడు.

"ఛీ ఛీ! పులిసి చచ్చింది. గాడిద సారా ఇదేనని మొన్నే అన్నాను!"

రెండో జాడీలోది తాగి కళ్ళు మూసుకున్నాడు.

"ఇదీ సారా అంటే! నేరేడుపండు, పొగాకు, వాన పడ్డ మట్టి... మొన్నటికంటే ఇంకా తేరింది. నేనెంచింది ఇదే!"

"రూఢిగానా బాబూ?"

"నా నాలుక మీద ఒట్టు!"

ఎర్నమ్మ రాజుగారికేసి తిరిగింది.

"జాడీల అడుగు సూపించండి మారాజా."

బంట్లు రెండో జాడీ ఎత్తారు. అడుగున ఏమీ లేదు. మొదటిది ఎత్తారు. నిగనిగలాడే ఎర్రలక్క మీద జగపతి నెమలి పురి విప్పి ఆడుతోంది!

జగపతి మీసం కిందికి జారింది. "మోసం! గాలికి పెట్టి నా సారా పాడు చేసింది!"

"రెంటికీ ఒకటే గాలి బాబూ. రెండు రోజుల గాలికే పడిపోయింది, ఇరవయ్యేళ్ళు నిలబడతాదా?"

ముందు కెప్టెను పకపకా నవ్వాడు. తరవాత సభంతా గొల్లుమంది. రాజు నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు.

"గ్లాసు తిప్పడమే తెలీదు, నీకెలా తెలిసిందే ఎర్నమ్మా?"

"ఆవకాయ నేర్పింది మారాజా. పెట్టిన నాడే కమ్మగున్న ఆవకాయ దసరాకి బూజు పడతాది. నాలిక కొరికేసిందే మళ్ళీ మావిడికాయలొచ్చే దాకా ఉంటాది."

రాజు తన చేతి కడియం తీసి ఎర్నమ్మ చేతిలో పెట్టాడు. గుట్ట మీది పీపా మాళిగకి, పల్లపుది ఆ సాయంత్రం విందుకి పంపాడు. అందరికీ వడ్డించే పని బావమరిదిగారిది.

"పట్టాభిషేకం నాడు తొలి గ్లాసు నీదే ఎర్నమ్మా!"

"అందాకా నానుంటానా మారాజా?"

"ఎందుకుండవే? నీ నోటి ఘాటుకి ఇరవై ఏళ్ళొక లెక్కా!"

ఎర్నమ్మ నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుంది. బొడ్లో తాళాల గుత్తి గలగలలాడింది.