ఒంటి కృష్ణజింక

"స్వామీ, చావు నోట్లోంచి ఒక ప్రాణిని తప్పించాక, దానికి మనం ఇంకా చేయవలసింది ఏముంటుంది?" అని అడిగాడు విరూపాక్షి. ఎవరేమడిగినా వాదానికి దిగడం శంకరయోగికి అలవాటు లేదు. ఓబులేసు అనే అటవీశాఖ వాచరు సంగతి చెప్పారు.

కొత్త జలాశయం నిండుతూ ఉంటే, ఒక దిబ్బ మీద ఐదు కృష్ణజింకలు నీళ్ల మధ్య చిక్కుకుపోయాయి. అటవీశాఖ వాళ్లు వాటిని పట్టి, లారీలో ఎక్కించి, కన్నడ సీమలోని ఒక గడ్డిమైదానానికి తరలించారు. దారిలో బెదురుకే నాలుగు చచ్చిపోయాయి. మిగిలింది ఒక్క మగజింక. అది కుదురుకునేదాకా చూసుకొమ్మని వాచరు ఓబులేసును కూడా అక్కడే దించేసి వచ్చారు.

అక్కడ గడ్డికి కొదవ లేదు, నీటికీ లేదు. జింక రోజూ తెల్లవారగానే మైదానం నడుమ ఒకేచోట, ఇది నా తావు అన్నట్టు కొమ్ములెత్తి నిలబడేది. పోటీకి వచ్చే మగది లేదు, చూసే ఆడది లేదు. ఎండ ముదిరేదాకా నిలబడి, మెల్లగా ఓబులేసు ఉండే కంచె దగ్గరికి వచ్చేది. ఓబులేసుకు కన్నడం రాదు. నోరారా తెలుగు మాట్లాడేది దానితోనే.

"ఈ పొద్దు గూడా ఎవురూ రాలేదా నాయనా?" అనేవాడు. అది చెవులు రిక్కించేది.

వారం వారం రేంజరుకు ఫోను చేసేవాడు. "మేస్తాండాది, తిరుగుతాండాది. కానీ ఒక్కటే ఉండాది సార్."

"బతికే ఉంది కదయ్యా, ఇంకేం కావాలి?" అనేవాడు రేంజరు.

అలా ఏడాదిన్నర రేంజరు ప్రాణం తీయగా తీయగా, ఎక్కణ్ణుంచో మూడు ఆడజింకలను తెచ్చి వదిలారు. మగజింక మెడ వెనక్కి విరిచి వాటి చుట్టూ తిరిగింది. ఓబులేసు కంచె పట్టుకుని సంతోషంతో ఏడ్చేశాడు.

మర్నాడు అది కంచె దగ్గరికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. మైదానం అవతలి అంచున నాలుగూ చుక్కల్లా కనబడేవి. అతను పిలవలేదు. పిలిస్తే వాటిని వదిలి వచ్చేస్తుందేమోనని భయపడ్డాడు.

నెల తిరిగాక రేంజరే ఫోను చేశాడు. జింకలు బాగా కలిసిపోయాయట, పైవాళ్లు మెచ్చుకున్నారట, ఓబులేసు ఇంకో రెండేళ్లు అక్కడే ఉండాలట.

"సరే సార్," అన్నాడు ఓబులేసు. ఆ రోజంతా అతని నోట వచ్చినవి ఆ రెండు మాటలే.

యోగి అంతటితో ఆపేశారు.  "మరి ఓబులేసు ఏమయ్యాడు స్వామీ?" అన్నాడు విరూపాక్షి.

"ఇన్నాళ్లకు ఆ మాట అడిగిన మొదటివాడివి నువ్వే," అన్నారు యోగి.