ఆకలి లేని పిట్ట

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యానికి ఒకవైపంతా సముద్రమే. ఆ రాజుకు సౌగంధి అని ఒక్కగానొక్క కూతురు.

ఒకనాడు మసిజడల మాంత్రికుడొకడు వచ్చి, "నన్ను పెళ్ళాడు" అన్నాడు. సౌగంధి పకపకా నవ్వింది. వాడు మండిపడి ఆమెను ఉప్పుబొమ్మగా మార్చి, సముద్రపు ఒడ్డున నిలబెట్టేశాడు.

"తొలకరి పడిందా, కరిగిపోతుంది! నా ప్రాణం ఈ దారిన పోయే వలసపిట్టల్లో ఒకదానిలో దాచాను. చేతనైతే పట్టుకోండి!" అని మాయమైపోయాడు.

రాజు చాటింపు వేయించాడు. పొరుగుదేశం నుంచి రాజకుమారులు ముగ్గురు, అన్నదమ్ములు, వచ్చారు. అప్పటికే వసంతం. ఏడు సముద్రాలు దాటిన పక్షులు ఉత్తరానికి పోతూ పోతూ, గుంపులు గుంపులుగా ఆ తీరంలో దిగుతున్నాయి.

పెద్దవాడు బాణాలు వేశాడు. పిట్టలు రాలాయి గాని మాంత్రికుడు రాలలేదు. రెండోవాడు వల వేశాడు. పిట్టలు చిక్కాయి గాని ప్రాణం చిక్కలేదు.

మూడోవాడు శశాంకుడు. ముందు వలలోని పిట్టలన్నిటినీ వదిలేశాడు. తర్వాత ఇసుకలో బోర్లా పడుకుని చూస్తూ ఉన్నాడు. ఎండ మండినా చూశాడు, కళ్ళలో ఇసుక పడినా చూశాడు, అన్నలు నవ్వినా చూశాడు.

ముసలి గూడబాతు ఒకటి, సంచీలాంటి ముక్కు ఊపుకుంటూ వచ్చింది. "ఏం చూస్తున్నావు నాయనా?"

"అవ్వా, పిట్టలన్నీ దిగీదిగగానే బురదలో ముక్కులు పెట్టి గబగబా తింటున్నాయి. అదిగో, ఆ ఉల్లంకి పిట్ట మాత్రం పొద్దుటినుంచి ఒక్క పురుగైనా ముట్టలేదు. పాపం, జబ్బు చేసిందా?"

"ఏడు సముద్రాలు దాటొచ్చి ఆకలి లేని పిట్ట ఉంటుందా! అది మా జాతి కానే కాదు!" అంటూ గూడబాతు ఎగిరి, లటుక్కున దాన్ని ముక్కుసంచీలో వేసుకుంది.

అంతే! మాంత్రికుడు గిలగిలా తన్నుకుంటూ వచ్చి పడ్డాడు. "ఊపిరాడటం లేదు! వదలమను!"

"ముందు సౌగంధిని మనిషిని చెయ్యి" అన్నాడు శశాంకుడు.

వాడు మంత్రం చదివాడు. ఉప్పు జలజలా రాలింది. సౌగంధి కళ్ళు నులుముకుంది.

"ఇక వదిలెయ్యి అవ్వా" అన్నాడు శశాంకుడు. గూడబాతు ముక్కు తెరవబోయేంతలో మాంత్రికుడు శశాంకుడి మీదికి కత్తి దూశాడు. అది చూసి అవ్వ పిట్టను గుటుక్కున మింగేసింది. మాంత్రికుడు పిడికెడు మసి అయిపోయాడు.

"బొమ్మనై నిలబడి అంతా చూశాను నాన్నగారూ! పెళ్ళంటూ చేసుకుంటే ఇతన్నే" అంది సౌగంధి.

పెళ్ళి ఘనంగా జరిగింది. అన్నలిద్దరూ సిగ్గుపడి, తలలు దించుకుని పందిట్లో వడ్డనకు నిలబడ్డారు. గూడబాతు అవ్వకు బుట్టెడు చేపలు పెడితే, "వద్దు నాయనా, మాంత్రికుడు ఇంకా అరగలేదు!" అంది.

శశాంకుడూ సౌగంధీ ఆ రాజ్యాన్ని కలకాలం చల్లగా ఏలారు. వసంతం వస్తే మాత్రం కొలువు ఉండేది కాదు. రాజూ రాణీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒడ్డున కూర్చుని పక్షుల్ని చూసేవారు. రాజుగారితో పని పడ్డవాళ్ళు అక్కడికే వెళ్ళి, పిట్టలు బెదరకుండా గుసగుసగా చెప్పుకోవలసిందే!